బందరు కోట: బురదను నమ్ముకున్న బలం



ఈ సంచికలో పిల్లలకు పనికివచ్చే పాఠం ఒకటి రాయమని ట్రస్టు పెద్దలు నన్ను అడిగారు. నేను పీణ్యలో ఒక చిన్న టూల్ రూములో డ్రాయింగులు గీసే పని చేస్తాను. డై, జిగ్, ఫిక్చర్ – రోజూ ఇవే. పుస్తకం చూసి పాఠం చెప్పడం నాకు అలవాటు లేదు. అందుకని నేను కళ్ళారా చూసి, ఒక మంచి డ్రాయింగు చదివినట్టు చదువుకున్న ఒక కోట గురించి రాస్తున్నాను. అది మచిలీపట్నం దగ్గర ఉన్న బందరు కోట.

కోట అనగానే మనకు గోల్కొండ, చంద్రగిరి, చిత్రదుర్గం గుర్తొస్తాయి. కొండ, రాయి, ఎత్తు ఉంటేనే కోట అనుకుంటాం. బందరులో కొండ లేదు. రాయి లేదు. నేల సముద్ర మట్టానికి దాదాపు సమానంగా ఉంటుంది. అటువంటి చోట కోట ఎలా కట్టారు? అది దేని బలం మీద నిలిచింది? ఆ బలమే దానికి ఎలా ముప్పు తెచ్చింది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ పాఠం.

ఎలా వెళ్ళాం

పీణ్యలో పనిచేసే మనవాళ్ళలో కృష్ణా, గుంటూరు జిల్లాల వారు చాలామందే ఉన్నారు. వారికి యశ్వంతపురం నుంచి బందరు వెళ్ళే కొండవీడు ఎక్స్‌ప్రెస్ బాగా తెలుసు. డిప్లొమా చదువుతున్న మా అమ్మాయిని వెంటబెట్టుకుని సంక్రాంతి సెలవుల్లో నేనూ ఆ బండిలోనే వెళ్ళాను. ఊళ్ళోంచి కోట సుమారు మూడు కిలోమీటర్లు. ఆటోలో వెళితే దారికి రెండు పక్కలా ఉప్పునేల, నీటి మడుగులు, దూరంగా గిలకలదిండి చేపల రేవు వైపు వెళ్ళే పడవలు కనిపిస్తాయి.

ముందే చెబుతున్నాను, అక్కడ గోల్కొండలా నిలువెత్తు గోడలు చూడాలని వెళితే నిరాశే మిగులుతుంది. గోడలు చాలా వరకు పోయాయి. మందపాటి ఇటుక కట్టడాలు కొన్ని శిథిలంగా మిగిలి ఉన్నాయి. కానీ కోటలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం మాత్రం ఇంకా అక్కడే ఉంది. అదే చుట్టూ ఉన్న నేల. బందరు కోటను అర్థం చేసుకోవాలంటే ముందు ఆ నేలను చూడాలి.

కోట అక్కడే ఎందుకు?

మచిలీపట్నం పాత రేవు. కలంకారీ అద్దకం బట్టల కోసం విదేశీ వర్తకులు ఇక్కడికి వచ్చేవారు. 1600 తరువాత మొదటి పదేళ్ళలోనే డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తకశాలలు పెట్టారు. తరువాత ఫ్రెంచివారు వచ్చారు. 1750లో పట్నం ఫ్రెంచివారి చేతికి వచ్చాక వారు కోటను అప్పటి పద్ధతుల ప్రకారం బలపరిచారు.

ఊరు ఒకచోట, కోట ఇంకోచోట ఉండటానికి కారణం ఉంది. ఊరు గట్టి నేల మీద ఉంది. కోట మాత్రం సముద్రపు పాయ ఒడ్డున, బురద మధ్యలో ఉంది. ఇల్లు కట్టుకునేవాడు ఆ స్థలం కొనడు. కోట కట్టేవాడు మాత్రం ఆ స్థలాన్నే ఎంచుకున్నాడు. ఎందుకో చూద్దాం.

డిజైనులో ఐదు తెలివైన పనులు

1. చుట్టూ బురద. కోటకు దక్షిణాన సముద్రపు పాయ ఉండేది. మిగతా మూడు పక్కలా చిత్తడి నేల. శత్రువు ఫిరంగిని లాక్కురావాలంటే చక్రాలు దిగబడిపోతాయి. మనిషి పరుగెత్తలేడు, నిలబడి గురి చూడలేడు. కొండ మీది కోటకు ఎత్తు చేసే పనిని ఇక్కడ బురద చేసింది.

2. ఒకే దారి. ఊరి నుంచి కోట వాకిలి దాకా బురద మీదుగా ఒకే ఒక గట్టు ఉండేది. ఎంత పెద్ద సైన్యం వచ్చినా ఆ గట్టు మీద సన్నగా బారు కట్టి రావాల్సిందే. గట్టు చివర, వాకిలికి ముందు విడిగా ఒక ముక్కోణపు అడ్డుకోట కట్టారు. దీన్ని రావెలిన్ అంటారు. వచ్చేవాడికి వాకిలి నేరుగా దొరక్కుండా అది అడ్డం పడుతుంది.

3. మట్టి గోడ, ఇటుక తొడుగు. గోడ లోపలంతా మట్టి, బయట ఇటుక. ఇది పేదరికం వల్ల చేసిన పని కాదు. ఫిరంగి గుండు రాతి గోడకు తగిలితే రాయి పగులుతుంది, ముక్కలు ఎగిరి లోపలివారికే తగులుతాయి. మట్టి కట్టకు తగిలితే గుండు లోపల కూరుకుపోయి దాని వేగం అక్కడే చచ్చిపోతుంది. పైగా మట్టి గోడ విరిగితే రాత్రికి రాత్రే మళ్ళీ మట్టి పోసి నింపుకోవచ్చు. దొరికే సరుకుతో పని జరిగేటట్టు చూడటం డిజైనరు మొదటి లక్షణం.

4. పదకొండు బురుజులు. కోట ఆకారం కొంచెం వంకర దీర్ఘచతురస్రం. పొడవు సుమారు 800 గజాలు, వెడల్పు 500 నుంచి 600 గజాలు. దాని చుట్టూ రకరకాల ఆకారాల్లో 11 బురుజులు ఉండేవి. బురుజు అంటే అలంకారం కాదు. దాని పని ఏమిటో కింద విడిగా చెబుతాను.

5. కందకం, కర్రల దడి. గోడ కింద నీళ్ళ కందకం. కందకానికీ గోడ పాదానికీ మధ్య గట్టి కర్రలతో దడి. బురద దాటి, నీళ్ళు దాటి, అలిసిపోయి పైకి ఎక్కినవాడికి ఎదురుగా మళ్ళీ దడి. అంటే ఒక అడ్డు విఫలమైతే ఇంకొకటి. మన యంత్రాలకు గార్డు ఒకటి, ఎమర్జెన్సీ స్విచ్ ఒకటి, ఫ్యూజు ఒకటి పెట్టినట్టే.

వీటికి తోడు కట్టినవారు కట్టకుండానే దొరికిన ఆరో రక్షణ ఇంకొకటి ఉంది. బందరు దగ్గర సముద్రం లోతు చాలా తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక కొన్ని మైళ్ళ దూరంలోనే లంగరు వేసేవి. అంటే శత్రువు యుద్ధనౌక వచ్చినా దాని ఫిరంగులకు కోట అందేది కాదు. ఈ లోతు తక్కువ సముద్రం సంగతి గుర్తు పెట్టుకోండి. పాఠం చివర మళ్ళీ దీని అవసరం వస్తుంది.

బురుజు ఎందుకు? నోటుపుస్తకంలో గీసి చూడండి

ఒక చతురస్రం గీయండి. అది కోట గోడ. గోడ మీద మీరు నిలబడి ఉన్నారు. దూరంలో ఉన్న శత్రువు మీకు కనిపిస్తాడు. కానీ అతడు సరిగ్గా గోడ పాదం దగ్గరికి వచ్చి ఆనుకుని నిలబడితే? గోడ మీంచి వంగి చూస్తే తప్ప కనిపించడు. వంగితే మీకు గుండు తగులుతుంది. అంటే కాపలా అన్నిటికన్నా అవసరమైన చోటే కోట గుడ్డిదవుతుంది.

ఇప్పుడు నాలుగు మూలల్లోనూ గోడ కంటే ముందుకు పొడుచుకు వచ్చేటట్టు బురుజులు గీయండి. బురుజు పక్క వైపు నిలబడినవాడికి గోడ పాదమంతా బారుగా కనిపిస్తుంది. ఒక బురుజు పక్క గోడను కాస్తుంది, ఆ చివరి బురుజు ఈ బురుజును కాస్తుంది. తనను తాను ఎవరూ పూర్తిగా చూసుకోలేరు. పక్కవాడు చూడాలి. బురుజుల డిజైనులోని సూత్రం ఇంతే.

బురుజు గుండ్రంగా ఉంటే దాని ముక్కు ముందు కొంచెం చోటు పక్క బురుజులకు కూడా కనిపించదు. స్కేలు పెట్టి చూపు గీతలు గీస్తే మీకే తెలుస్తుంది. ఫిరంగుల కాలంలో ఐరోపాలో బురుజును బాణం మొనలా కోణంగా కట్టడం మొదలుపెట్టింది ఇందుకే. ఇలాంటి కోణాల కోట చూడాలంటే ఐరోపా దాకా పోనక్కరలేదు. మన పీణ్య నుంచి నెలమంగళ, హాసన్ మీదుగా సకలేశపుర వెళితే అక్కడ 1792లో టిప్పు సుల్తాన్ కట్టించిన మంజరాబాద్ కోట ఉంది. పై నుంచి చూస్తే ఎనిమిది మొనల నక్షత్రం. అది కొండ మీద ఉంది, సముద్రపు కోట కాదు. అయినా కోణాల లెక్క కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

1759 ఏప్రిల్ 7 రాత్రి

ఇంత తెలివిగా కట్టిన కోట ఒక్క రాత్రిలో పడిపోయింది. ఎలాగో చూద్దాం.

అప్పట్లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతిలో ఉన్నాయి. వారితో పడని విజయనగరం రాజు ఆనందరాజు ఇంగ్లీషు కంపెనీ సాయం కోరాడు. బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్ సైన్యంతో వచ్చాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివారిని ఓడించి, 1759 మార్చి 6న బందరు చేరాడు.

కోటలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఉన్నాడు. అతని దగ్గర సుమారు 500 మంది ఐరోపా సైనికులు, రెండు వేలకు పైగా సిపాయిలు, నూటికి పైగా ఫిరంగులు. బయట ఉన్న ఫోర్డ్ దగ్గర 400 మందికి లోపు ఐరోపావారు, సుమారు 1,400 మంది సిపాయిలు, ఆనందరాజు సేన. లోపలివాళ్ళ కంటే బయటి కంపెనీ దండే చిన్నది! ఫోర్డ్ తీరం వెంబడి ఫిరంగులు పెట్టి రోజల్లా కొట్టేవాడు. లోపలివాళ్ళు మట్టి పోసి రాత్రికి నింపేసేవారు. మట్టి గోడ తన పని తాను చేసింది.

నెల గడిచింది. ఫోర్డ్ దగ్గర మందుగుండు రెండు రోజులకు సరిపడా మాత్రమే మిగిలింది. నిజాం సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ దాకా వచ్చేశాడు. వెనక్కి పోయే దారి లేదు.

అప్పుడు ఒక సమాచారం అందింది. కోటకు నైరుతి వైపు బురదలో స్థానికులు నడిచి దాటుతుండగా చూశామని దండులో పనిచేసే ఈ ప్రాంతపు వాళ్ళు చెప్పారు. నాక్స్, యార్క్ అనే ఇద్దరు కెప్టెన్లు రాత్రిపూట రహస్యంగా వెళ్ళి స్వయంగా అందులో దిగి చూశారు. నడక కష్టమే కానీ లోతు చాలా వరకు మోకాలి దాకానే ఉంది.

రెండో లెక్క సముద్రానిది. అర్ధరాత్రి వేళకు ఆటు వచ్చి కందకాల్లో నీరు మూడడుగులకు తగ్గుతుంది. దాడి ఆ వేళకే పెట్టుకున్నారు.

ఆ రాత్రి మూడు వైపుల నుంచి కదిలారు. ఆనందరాజు సేన గట్టు దారిన వాకిలి ముందు పెద్ద అల్లరి చేసింది. నాక్స్ సిపాయిలతో నైరుతి బురదలోంచి వచ్చి కాల్పులు మొదలుపెట్టాడు. ఈ రెండూ దృష్టి మళ్ళించడానికే. అసలు దాడి ఈశాన్యం వైపు, పగలంతా ఫిరంగులతో కొట్టిన బురుజు మీద జరిగింది. బురదలో నడిచి, కందకంలో దిగి, దడి పీకి ఎక్కేశారు. ఏ వైపు అసలు దాడో కాన్‌ఫ్లాన్స్‌కు అంతుపట్టలేదు. ఒక ఆజ్ఞ మీద ఇంకో ఆజ్ఞ పంపాడు. తెల్లవారేసరికి కోట లొంగిపోయింది. పట్టుబడ్డవారి సంఖ్య పట్టుకున్నవారి కంటే ఎక్కువ.

ఫలితం చిన్నది కాదు. 1759 మే 14న సలాబత్ జంగ్ మచిలీపట్నాన్ని, చుట్టుపక్కల ప్రాంతాన్ని కంపెనీకి రాసిచ్చాడు. ఇక్కడ ఫ్రెంచివారి బలం ముగిసింది. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారుల మీద కంపెనీ పట్టు స్థిరపడింది. కోస్తా తెలుగువారి తరువాతి రెండు వందల ఏళ్ళ చరిత్ర ఆ బురదలో, ఆ ఆటు వేళలో మలుపు తిరిగింది.

కోట ఎక్కడ తప్పింది?

మా అమ్మాయి నన్ను ఇదే అడిగింది. "నాన్నా, డిజైను బాగుంటే ఎందుకు ఓడిపోయింది?"

గోడ తప్పలేదు, బురుజు తప్పలేదు. తప్పినది ఒక నమ్మకం. "బురదను ఎవడూ దాటలేడు" అన్న నమ్మకం మీద డిజైను అంతా నిలబడింది. బురద అన్నిచోట్లా ఒకే లోతు ఉండదు. కందకంలో నీరు అన్ని వేళలా ఒకే మట్టంలో ఉండదు. బురద దాటేవాళ్ళు ఉన్నారని చుట్టుపక్కల జనానికి తెలుసు. కోటలో నమ్మకంగా ఉన్నవారు దానికి తగ్గ కాపలా పెట్టలేదు. దాటాలనుకున్నవారు మాత్రం ఆ మాట చెవిన పెట్టారు, స్వయంగా దిగి కొలిచి చూశారు.

పాయ ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను నేను అడిగాను, "ఏవండీ, నీరు ఎప్పుడు తగ్గుతుందో ఎలా చెబుతారు?" అని. ఆయన తల ఎత్తకుండానే, "తిథి తెలిస్తే చాలండి, వేళ అదే తెలుస్తది. రోజుకు రెండు గడియలు అటూ ఇటూగా వెనక్కి జరుగుద్ది" అన్నారు. రెండు గడియలంటే 48 నిమిషాలు. మన సైన్సు పుస్తకంలో ఆటుపోట్ల వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు జరుగుతుందని ఉంటుంది. చంద్రుడు భూమి చుట్టూ తిరగడం వల్ల ఇలా జరుగుతుంది. పుస్తకం చెప్పినదీ, ఆయన చెప్పినదీ ఒకటే.

1864 నవంబర్ 1: ఇంకొక దాడి

మనుషుల దాడి తరువాత కూడా కోట మరో నూరేళ్ళు పనిచేసింది. కంపెనీ సైన్యం, తరువాత ప్రభుత్వ సైన్యం అందులో ఉండేవి. 1864 నవంబర్ 1 రాత్రి పెద్ద తుఫాను వచ్చింది. మామూలు పోటు మట్టం కంటే సుమారు 13 అడుగుల ఎత్తున సముద్రం లేచి ఊరి మీద పడింది. నీరు మైళ్ళ కొద్దీ లోపలికి పోయింది. పట్నంలో, చుట్టుపక్కల కలిపి దాదాపు 30,000 మంది ప్రాణాలు పోయాయి. ఆ తరువాత సైన్యాన్ని కోట నుంచి తీసేశారు. కోట కథ అక్కడితో ముగిసింది.

ఇప్పుడు ఇందాక గుర్తు పెట్టుకోమన్న సంగతికి వద్దాం. తుఫాను గాలి సముద్రపు నీటిని ఒడ్డు వైపు తోస్తుంది. సముద్రం లోతుగా ఉంటే తోసిన నీరు అడుగు నుంచి వెనక్కి పోతుంది. లోతు తక్కువైతే పోవడానికి చోటు లేక పైకి లేస్తుంది. దాన్నే మనం ఉప్పెన అంటాం. శత్రువు ఓడలను దూరంగా ఉంచిన లోతు తక్కువ సముద్రమే ఉప్పెనను ఎత్తు చేసింది. శత్రువు ఫిరంగులను దిగబెట్టిన పల్లపు నేలే ఉప్పెనకు దారి ఇచ్చింది. కోటకు బలమేదో బలహీనతా అదే.

అరేబియా సముద్రంలో మురుడ్ జంజీరా కోట రాతి దీవి మీద ఉంది. పడవ దగ్గరికి వచ్చేదాకా దాని వాకిలి కనిపించదు. లోపల మంచినీటి చెరువులున్నాయి. అక్కడ నేల రాయి కనుక గోడలు నేటికీ నిలిచి ఉన్నాయి. బందరు డిజైనరుకు ఆ అదృష్టం లేదు. కాబట్టి ఆయనను తక్కువ చేయకూడదు. ఉన్న నేలతో చేయగలిగినంత చేశాడు. ఆ నేల మారే వేళలను కనిపెట్టుకుని ఉండటం తరువాతివారి పని.

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి సంగతి మీ ఇళ్ళలో పెద్దవారిని అడిగితే చెబుతారు. నేడు మచిలీపట్నంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. తీరంలో తుఫాను షెల్టర్లు కట్టారు. హెచ్చరిక వస్తే ఊళ్ళు ముందే ఖాళీ చేయిస్తున్నారు. ఆ తీరానికి ఈనాటి కోట ఇదే. దీన్ని కూడా మనుషులు రోజూ కనిపెట్టుకుని ఉండాలి.

విద్యార్థులకు

మా పనిలో ప్రతి డ్రాయింగు మూల నోట్స్ అని చిన్న గడి ఉంటుంది. ఏ లోహం, ఎంత తేడా ఒప్పుకుంటాం అన్నవి అందులో రాస్తాం. మీరు ఏ చదువు చదివినా మీ నోటుపుస్తకంలో అటువంటి గడి ఒకటి గీసుకోండి. "ఇది దేన్ని నమ్ముకుని నిలబడింది? ఆ నమ్మకం ఏ వేళలో తప్పుతుంది?" అని రాసుకోండి. వంతెనకైనా, కంప్యూటరు ప్రోగ్రాముకైనా, పరీక్షకు మీరు వేసుకున్న చదువు పట్టికకైనా ఈ రెండు ప్రశ్నలూ పనికివస్తాయి. రెండో ప్రశ్నకు జవాబు చాలాసార్లు పుస్తకంలో దొరకదు. ఆ పని రోజూ చేసేవారిని అడగాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి

సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు పిల్లలను ఒక్క పూటైనా ఇటువంటి చోటికి తీసుకెళ్ళండి. ఖర్చు పెద్దగా ఉండదు. పలకా, స్కేలూ ఇచ్చి "ఇది ఇలాగే ఎందుకు కట్టారు?" అని అడిగి వదిలేయండి. జవాబు మీకు తెలియకపోయినా ఫరవాలేదు, ఇద్దరూ కలిసి వెతకండి. మీలో లేతు మీద పనిచేసేవారు, తాపీ పని చేసేవారు, వ్యవసాయం చేసి వచ్చినవారు ఉన్నారు. నేల, నీరు, ఇనుము గురించి మీకు తెలిసినది మీ పిల్లల చదువుకు పనికిరాదని ఎన్నడూ అనుకోవద్దు.

అభ్యాసం

1. ఆరు మూలల కోట గీసి, ప్రతి గోడ పాదమూ కనీసం ఒక బురుజు నుంచి కనిపించేటట్టు బురుజులు పెట్టండి. చూపు గీతలు పెన్సిలుతో చూపించండి.

2. ఈ రోజు ఆటు రాత్రి 12 గంటలకు వస్తే, వారం తరువాత రాత్రి ఆటు సుమారు ఎన్ని గంటలకు వస్తుంది? రోజుకు 50 నిమిషాల చొప్పున లెక్కకట్టండి.

3. మీ ఇంట్లో గానీ, మీ నాన్నగారు లేదా అమ్మగారు పనిచేసే చోట గానీ ఉన్న ఒక వస్తువును తీసుకోండి. దాని బలమేమిటి, అది దేన్ని నమ్ముకుంది, ఆ నమ్మకం ఎప్పుడు తప్పవచ్చు – పది వాక్యాల్లో రాయండి.

జవాబులు తెల్లకాగితం మీద రాసి వచ్చే సమావేశానికి తీసుకురండి. అందరం కూర్చుని చూద్దాం.